అడిగినప్పుడు చెప్పడం, కాదన్నప్పుడు ఊరుకోవడం

మీరు రాసినది పైకి ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది గాని, విడదీసి చూస్తే అందులో మూడున్నాయి. రాజాం దగ్గరి పల్లెలో పుట్టి, విజయనగరంలో ఉద్యోగం చేస్తూ, మూడేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నారు. తండ్రిగారు పోయాక మిమ్మల్ని పెంచి చదివించిన మేనమామగారితో, పండగకు ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మాటామాటా పెరిగి కంచాల దగ్గరే గొడవవుతోంది. వాదన లేకుండా నా విశ్వాసం ఆయనకు ఎలా చెప్పాలి అన్నది మొదటిది. వారానికి ఇద్దరికైనా సువార్త చెప్పకపోతే వారి రక్తం మన తల మీద ఉంటుందని మీ చర్చి సంఘంలో అంటున్నారు, ఊరుకోవడం పాపమా అన్నది రెండవది. ఆఫీసులో మీతో పనిచేసే ఎస్సీ కుటుంబానికి చెందిన మిత్రుడు తనంతట తానే ఆసక్తి చూపుతున్నాడు, అతనితో ఎలా మెలగాలి అన్నది మూడవది.

నేను టెక్కలి పరిసరాల ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి విరమించినవాణ్ణి. బాప్టిస్టు సంఘంలో పెద్దగా ఇరవై ఏళ్లకు పైబడి ఉన్నాను. నేను చెప్పబోయేదాంట్లో సగం నా తప్పుల చిట్టానే. మీకు పనికొచ్చేది కూడా ఆ సగమే అనుకుంటాను.

సువార్త చెప్పడం గురించి మన సభల్లో తరచూ వినిపించే వాక్యం, బైబిలులో యేసు శిష్యుడు పేతురు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోని పదిహేనో వచనం. ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలన్న ముక్కను బోధకులు గొంతు పెంచి పలుకుతారు. తెలుగు మాస్టారుగా నాకు మాత్రం ఆ వాక్యంలో మొదట తగిలేది వేరే మాట. సమాధానం ఎవరికి చెప్పమన్నాడు? మనలోని నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం అడిగినవారికి. ప్రశ్న లేనిదే సమాధానం లేదు. అడగనివారికి చెప్పేదాన్ని ప్రసంగం అంటారు. సాత్వికంతోనూ భయంతోనూ చెప్పమని కూడా ఆ వచనంలోనే ఉంది, ఆ రెండు మాటలు మైకు దాకా రావడం నేను అరుదుగా విన్నాను. అడిగేదాకా నోరు కట్టుకుని కూర్చోమని నేను అనడం లేదు. మీ నమ్మకం మీ బతుకులో కనబడుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు తడుముకోకుండా చెప్పాలి, వద్దంటే అక్కడితో ఆపాలి. ఆపడం కూడా అంత కష్టం కాదు. ఆపాక ఆ మనిషితో మునుపటిలాగే ఉండడం కష్టం. కాదనే వీలు ఎదుటివారికి లేనిచోట మనం ఎంత మంచి మాట చెప్పినా అది ఒత్తిడే అవుతుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు, డయాలసిస్ మంచం పక్కన దొరికింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రి, కొబ్బరితోట రైతు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారు. ఒక్కో విడత నాలుగు గంటలు. చేతికి రెండు సూదులు, వాటి నుంచి ఎర్రగా రెండు గొట్టాలు, తలాపున గిర్రున తిరిగే యంత్రం. నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని జబ్బు, మరణం, నిత్యజీవం అంటూ మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. మనసు కరుగుతోంది కాబోలనుకుని నేను ఇంకా ఊపు అందుకున్నాను. ఊపిరి తీసుకోవడానికి ఒక్కసారి ఆగినప్పుడు ఆయన కళ్లు తెరిచి, “సెప్పండి మాస్టారూ, నాలుగు గంటలు నానెక్కడికీ లెగిసి ఎల్లలేను కదా” అన్నారు. అందులో కోపం లేదు, వెటకారమూ లేదు. ఉన్న సంగతి చెప్పారు. కదలలేని మనిషిని ఎంచుకుని నేను సువార్త చెబుతున్నానన్నది అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ తరువాత ఆయన దగ్గరికి వెళ్లడం మానలేదు, చెప్పడం మానాను. పేపరు తీసుకువెళ్లి చదివి వినిపించేవాణ్ణి. జీడిపిక్కల ధర, కొబ్బరికాయల ధర, ఎవరి తోటలో ఏ తెగులు, ఇవే మా కబుర్లు. నీళ్లు కొలిచి తాగవలసిన మనిషి కాబట్టి ఆయన ముందు నేను టీ ముట్టేవాణ్ణి కాదు. ఏడెనిమిది నెలలు గడిచాక ఒకనాడు ఆయనే, “మీరు పొద్దున్నే ప్రార్థన సేసుకుంటారు గదా, అందులో ఏటి అడుగుతారు?” అన్నారు. ఐదు నిమిషాల్లో చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే నా పేరు కూడా ఎత్తండి” అన్నారు. అంతే, అంతకుమించి ఏమీ జరగలేదు. చివరిదాకా ఆయన తన ఇలవేల్పునే కొలిచారు, వారి పద్ధతిలోనే దహనం జరిగింది, నేను శ్మశానం దాకా నడిచి వచ్చాను. మా సంఘంలో ఒకరు దీన్ని పోగొట్టుకున్న ఆత్మల లెక్కలో వేశారు. ఆ లెక్క నేను ఒప్పుకోను. మార్కు సువార్త పదో అధ్యాయంలో ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మన్న మాటకు ధనవంతుడైన ఒకతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయినప్పుడు ప్రభువైన యేసు అతని వెంటపడలేదు, షరతు తగ్గించి వెనక్కి పిలవలేదు. అతనిని చూసి ప్రేమించాడని మాత్రం రాసి ఉంది. వెళ్లిపోయే మనిషిని వెళ్లనివ్వడం కూడా ఆ ప్రేమలో భాగమేనని నాకు తోస్తుంది.

రెండో తప్పు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత చేశాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు వేళ్లతో సహా పెళ్లగిల్లిపోయిన రోజులవి. మేము కొందరం కలిసి బియ్యం, టార్పాలిన్లు పంచుతూ, ప్రతి సంచిలోనూ ఒక కరపత్రం పెట్టాము. ఒక ముసలమ్మ సంచి విప్పి, కాగితం తీసి, రెండు వేళ్లతో పట్టుకుని నా వైపు చాచి, “ఇది ఒగ్గీస్తే బియ్యం కూడా ఒగ్గీమంటారేటి బావూ?” అని అడిగింది. అలాంటిదేమీ లేదని చెప్పాను గాని, ఆమెకు ఆ అనుమానం కలిగిందంటేనే తప్పు మాది. ఆ సాయంత్రం మిగిలిన సంచుల్లో నుంచి కాగితాలన్నీ తీసేశాము. ఆ కట్టలు మా ఇంటి అటక మీదే ఉండిపోయాయి; చివరికి వాటిని శ్రద్ధగా చదివింది చెదపురుగులే.

ఇక మీ మేనమామగారి సంగతి. ఆయన మిమ్మల్ని అడుగుతున్నవిగా మీరు రాసిన ప్రశ్నలు నాకు బాగా పరిచయం: ఇది దొరల మతం కాదా, డబ్బుకు మారావా, మన దేవుళ్లేం తక్కువ చేశారు. మీరు ప్రతిదానికీ సమాధానం తయారుచేసుకుని వెళుతున్నారు, అయినా గొడవ ఆగడం లేదు. ఆయన మనసులోని అసలు ప్రశ్న అది కాకపోవచ్చు.

మా నాన్నగారు సంఘంలో చేరినప్పుడు మా పెదనాన్నగారు చేరలేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, చదువుకున్నానన్న ధీమాతో, ఆయనతో విగ్రహాల గురించి, కర్మ గురించి, పునర్జన్మ గురించి అరుగు మీద గంటల తరబడి వాదించేవాణ్ణి. వాదనలో గెలిచిన రోజున ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడేవారు కాదని ఆలస్యంగా గమనించాను. ఒక రాత్రి అలాగే గొంతులు పెరిగాయి. గడపలో కూర్చున్న మా పెద్దమ్మ, నిప్పు లోపలికి పెట్టి కాలుస్తున్న అడ్డచుట్టను నోట్లోంచి తీసి, బూడిద నేలకు రాల్చి, “ఆ కబుర్లన్నీ తరవాత. మీ పెదనాన్న పోతే నువ్వు పాడె మోస్తావా, మొయ్యవా? ముందది సెప్పు” అంది. పెదనాన్న తల తిప్పి చీకట్లోకి చూడసాగారు. ఆయన మనసులో ఇన్నాళ్లూ ఉన్నది అదే. నా దేవుడెవరన్నది ఆయన బెంగ కాదు, నేను ఆయనకు మిగులుతానా లేదా అన్నది ఆయన బెంగ.

మోస్తానని చెప్పాను. తలకొరివి అన్నయ్య పెడతాడని, పిండప్రదానం వంటివి నేను చేయలేనని, పాడె మొయ్యడం నుంచి పదో రోజు వచ్చిన చుట్టాలకు వడ్డించడం వరకు మిగతావన్నీ నావేనని, ఆయన బతికుండగా మందులకూ ఆసుపత్రికీ కూడా నేనే తిప్పుతానని చెప్పాను. చేయలేనివి దాచకుండా చెప్పాను కాబట్టే చేస్తానన్నవి ఆయన నమ్మారనుకుంటాను. ఆ రాత్రితో వాదనలు పూర్తిగా ఆగిపోలేదు గాని, వాటిలోని వేడి పోయింది. తరువాతి ఏళ్లలో ఆయనే, “ఏదిరా, మీ ఏసు ఏం చెప్పాడు ఈ సంగతిలో?” అని, పొలం తగాదాల మధ్య సరదాగానో నిజంగానో అడిగేవారు. అడిగినప్పుడల్లా చెప్పేవాణ్ణి, రెండు మాటల్లో.

మన ఇళ్లలో చిన్నవాడు పెద్దవాడికి ధర్మం బోధించడం మర్యాద కాదు. విశ్వాసంలోకి రాగానే ఆ వరుస తలకిందులవుతుందని మనం అనుకుంటే ఎదుటివారికి మన దేవుడికన్నా ముందు మన పొగరు కనిపిస్తుంది. కాబట్టి మీ మావయ్యగారికి మీరు బోధించే ప్రయత్నం మానండి. ఆయన అడిగితే మీకు జరిగినది చెప్పండి, ఆయనకు జరగవలసినది కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసు వల్ల చూపు వచ్చిన గుడ్డివాణ్ణి యూదుల మతపెద్దలైన పరిసయ్యులు నిలదీసినప్పుడు, తనకు తెలియని సంగతులు తెలియవని ఒప్పుకుని, ఒకప్పుడు చూపు లేదు, ఇప్పుడుంది అన్నంత మాత్రమే చెప్పాడు. అతని సాక్ష్యంలో ఎవరి దేవుణ్ణీ కించపరిచిన మాట లేదు. మీ మాటలు కూడా ఆ కొలతలో ఉంటే చాలు. తెలియనిదానికి “నాకు తెలియదు మావయ్యా” అనండి. ఆ మాట విని వాదన పెంచినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

దొరల మతం అన్న మాటకు నేను కూడా ఒకప్పుడు చరిత్ర అంతా ఏకరువు పెట్టేవాణ్ణి. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నం వచ్చిన మాట నిజమే గాని, సువార్తలను తెలుగులోకి తేవడంలో వారికి తోడ్పడినది బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఆనందరాయరు అని, పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరిగారు అచ్చంగా మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారని చెప్పేవాణ్ణి. ఇవన్నీ నిజాలే. వీటివల్ల ఒక్కరైనా మనసు మార్చుకున్నట్టు మాత్రం నాకు తెలియదు. డబ్బులిచ్చి మారుస్తారన్న మాటకైతే, అలా ఎవరైనా చేస్తే అది తప్పేనని ముందు ఒప్పుకోండి, ఉడుక్కోవద్దు.

వాదనల్లో సగం మన భాష వల్ల పుడతాయి. చర్చిలో పెరిగినవారికీ, మీలా కొత్తగా వచ్చి ఆ పలుకుబడి వంటబట్టించుకున్నవారికీ ఇది తెలియదు. ‘పాపం’ అన్న మాటనే చూడండి. బయట అది జాలి మాట. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి చూసి “పాపం” అంటాము. అదే మాటతో ఒక పెద్దమనిషిని “మీరు పాపి” అంటే అది తిట్టు. మన అర్థంలో మనిషన్న ప్రతివాడికీ, చెప్పే మనకు ముందుగా, వర్తించే మాట అది. ఆయన చెవిన పడేది మాత్రం నీచుడా అన్నట్టే. ‘రక్షణ పొందావా’ అని బస్సులో పక్కవాణ్ణి అడిగితే పోలీసు రక్షణ గుర్తొస్తుంది. ‘నిరీక్షణ’ మన బైబిలులో ఆశ, వీధిలో ఎదురుచూపు. అన్నింటికన్నా చెడ్డది, క్రైస్తవులు కానివారిని మనం పిలిచే ‘అన్యులు’. మీ మావయ్యగారు మిమ్మల్ని చేయి పట్టుకుని బడిలో చేర్చిన మనిషి. ఆయనను ప్రార్థనలో ‘అన్యుడైన నా మావయ్య’ అని మీరు పైకి అన్నారని, అది ఆయన విన్నారని మీరే రాశారు. ఆయన స్థానంలో నేనున్నా కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే వారి భాష నేర్చుకున్నారు. ఆయన ఉద్దేశం మతం కాదు, చదువు. అయినా చెప్పదలచినవాడు వినేవాడి భాషలోకి వెళ్లాలన్న క్రమాన్ని మన ప్రాంతంలో ఆయనకన్నా బాగా పాటించినవారిని నేను ఎరుగను. మీ అనుభవాన్ని చర్చి మాటలు ఒక్కటీ లేకుండా, మీ అమ్మగారితో మాట్లాడే తెలుగులో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. నేను రాసినప్పుడు పావు పేజీ దాటలేదు. మిగతాదంతా అరువు మాటలేనని అప్పుడే తెలిసింది.

ఆ మూడింటితో పాటు, ప్రసాదం పెడితే తీసుకోవచ్చా అని కూడా అడిగారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఉంటూ ఈ చిక్కు తప్పించుకోవడం ఎవరి తరం కాదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయమూ పదో అధ్యాయమూ దీని గురించే. చదివినవారు తలో నిర్ణయానికి వచ్చారు, ఆ తేడాను నేను గౌరవిస్తాను. నేను తినను. అయితే మా పక్కింటి అక్క అరసవిల్లి నుంచి వచ్చి ప్రసాదం పొట్లం చేతిలో పెట్టబోతే, విసుక్కోకుండా, ఉపన్యాసం లేకుండా, “అక్కా, మీరు గుర్తుపెట్టుకుని తెచ్చినందుకు సంతోషం. నేను తీసుకోలేను, ఏమనుకోకండి. దర్శనం బాగా జరిగిందా?” అంటాను. ఆ చివరి ప్రశ్న అడిగి, ఆమె చెప్పేది నిలబడి వింటాను. క్రిస్మస్‌కు మనం పంపే కేకును వారంతా ఏ పేచీ లేకుండా తింటున్నారన్న సంగతి మనం మరచిపోకూడదు. సర్దుకుపోవడమంతా ఇన్నేళ్లుగా వారివైపు నుంచే జరుగుతోంది.

రక్తం మన తల మీద ఉంటుందన్న మాటకు వస్తే, అది బైబిలులో యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడి మాట, హెచ్చరించకపోతే నేరం అతనిదేనన్నది. దేవుడు ఒక ప్రవక్తను నియమించి, అతని సొంత జనుల దగ్గరికి పంపిన సందర్భం అది. అదే గ్రంథం రెండో అధ్యాయంలో, వారు విన్నా వినకపోయినా అని కూడా అతనికి ముందే చెప్పి ఉంది. వినిపించి తీరాలని, ఒప్పించి తీరాలని లేదు. దాన్ని వారానికి ఇద్దరు అన్న లెక్కగా మార్చినది మనుషులు. లెక్క పెట్టగానే ఎదుటి మనిషి అంకె అయిపోతాడు, అది అతనికి మనకన్నా ముందే తెలిసిపోతుంది. మీ పాస్టరుగారితో తగవు పెట్టుకోమని నేను అనను. ఈ వారం ఎంతమందికి చెప్పారని అడిగితే, ఎంతమంది చెప్పింది విన్నానో చెప్పండి. ఆయన మంచి మనిషైతే నవ్వుతారు. లెక్క రాయవలసిందేనని పట్టుబడితే, ఆ పుస్తకంలో మీ పేరు ఖాళీగా ఉండనివ్వండి. మీరు అడిగినది నేరుగా చెప్పాలంటే, ఎదుటివారు వద్దన్నాక ఊరుకోవడం పాపం కాదు. అడిగినవారికి సిగ్గుపడి చెప్పకపోవడం గురించి మాత్రం ఆలోచించవలసిందే. ఆఫీసులో ఎవరైనా మధ్యాహ్నం భోజనానికి ముందు ఎందుకు కళ్లు మూసుకుంటావని అడిగితే తలనొప్పి అని చెప్పే మనలాంటివారం చాలామందిమి ఉన్నాము.

మీ మిత్రుడి విషయంలో నా సలహా కొంచెం వింతగా అనిపించవచ్చు: తొందరపడవద్దని అతనికి మీరే చెప్పండి. అతనికి నష్టం కలిగించగల సంగతి ముందే విప్పి చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. ఎస్టీలకు సంబంధించిన ఉత్తర్వులో మతం షరతు లేదు కాబట్టి వారి సంగతి వేరు. ఎస్సీల విషయంలో ఉన్న ఈ తేడా అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, అది వేరే చర్చ. కానీ ఉద్యోగం, పిల్లల చదువు, ఇంటి పట్టా వీటన్నింటితో ముడిపడిన సంగతిని దాచిపెట్టి, ‘దేవుడు చూసుకుంటాడు’ అని నీళ్లలోకి దించడం మోసం. కాగితాల్లో ఒకటి, ఆదివారం ఒకటి అని సలహా ఇచ్చేవారు కూడా మీకు ఎదురవుతారు. మన మొదటి పాఠమే అబద్ధం అయితే రెండో పాఠం ఏమి చెబుతాము? ఇంట్లో భార్యకు, తల్లిదండ్రులకు తెలిసేలా, నెలలు పట్టినా సరే, అతన్నే తేల్చుకోనివ్వండి. సందేహాలుంటే మన సంఘంలోని కష్టమైన ప్రశ్నలు, కుల పట్టింపులతో సహా, అతనికి చూపించండి. యేసు గురించి విని నతనయేలు అనుమానపడినప్పుడు శిష్యుడైన ఫిలిప్పు వాదించకుండా వచ్చి చూడమన్నాడు. వచ్చి చూసేవాడికి అన్నీ కనిపిస్తాయి, మనం చూపదలచినవే కాదు.

చట్టం మాట కూడా ఒకటి చెప్పి వదిలేస్తాను. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్పష్టం చేసింది. ఆలయాల వంటి ప్రార్థనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని అడ్డుకుంటూ మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. సరిహద్దు దాటి ఒడిశా వెళితే అక్కడ 1967 నుంచే బలవంతపు, ప్రలోభపు మార్పిడులపై చట్టం ఉంది. కేసుకు భయపడి కాదు గాని, ఈ గీతలు గీసినవారి అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మన మాటతీరు మారుతుంది. పిల్లల జోలికి అసలే వెళ్లవద్దు. తరగతి గదిలో ముప్పై రెండేళ్లు ఉన్నాను, బల్ల ముందు నిలబడినవాడు ఏది చెప్పినా తలూపే వయసు అది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వారికి చాక్లెట్ ఇచ్చి పాట నేర్పించడం నాకు దొంగతనంలాగే కనిపిస్తుంది. ఇళ్లలో జరిపే ప్రార్థనకూడికలో పెట్టే బాక్సు స్పీకర్లు కూడా అంతే. పక్కింటి అమ్మాయి పదో తరగతి పరీక్షకు చదువుకుంటుంటే మన స్తుతి గోడ దాటకూడదు.

వాట్సాప్‌లో బంధువుల గ్రూపుకు మీరు రోజూ వాక్యం పంపడం ఈ రోజే ఆపండి. శుభాకాంక్షలు, చావు కబుర్లు, పెళ్లి ఫొటోలు పంచుకునే చోటు అది. అక్కడ మీరు పంపేది ఎవరూ అడగలేదు, వద్దని చెప్పడానికి అందరికీ మొహమాటం అడ్డు వస్తోంది.

సంక్రాంతికి ఊరు వెళుతున్నానన్నారు. వీలైతే భోగికి ఒకరోజు ముందే వెళ్లండి, జేబులో కరపత్రం పెట్టుకోకుండా. ఇంటికి సున్నం వేయడమో, పశువుల శాల శుభ్రం చేయడమో, మీ మావయ్యగారు చేస్తున్న పనేదో మీరూ అందుకోండి. ఆయన ఒంటరిగా పొలం గట్టు మీద ఉన్న సమయం చూసి, ప్రార్థనలో అన్న ఆ మాటకు క్షమాపణ అడగండి. ఆ తరువాత పాడె సంగతి మీరే ఎత్తండి. ఆయన అంతట ఆయన అడగలేరు, మా పెదనాన్నగారూ అడగలేకపోయారు. చేయగలిగింది చెప్పండి, చేయలేనిది చెప్పండి. దేవుడి మాట ఆ రోజు రాకపోయినా ఫరవాలేదు. ఆయనకు షుగరు ఉందని రాశారు కదా, అరిసెల దగ్గర మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఆయన ఏమన్నారో తిరిగి వచ్చాక వీలుంటే రాయండి.